ఉప్పలయ్య వాపసు తీసుకున్న సాటింపు

మా బాపు ఇంట్లో మాట్లాడితే పక్కన కూర్చున్న మా అమ్మకే వినబడేది కాదు. "ఏందో గొణుగుతడు, జర నోరు తెరువు" అని ఆమె విసుక్కునేది. అదే మనిషి మెడలో డప్పు వేసుకుని వీధి మొదట్లో నిలబడితే, మా మాదిగవాడ నుంచి బస్సు ఆగే మూల దాకా ప్రతి మాటా వినబడేది.

మా ఊరు తొర్రూరుకు, మరిపెడకు నడుమ ఉంటుంది. ఊళ్లో సాటింపు మా ఇంటి పని. తాత తర్వాత అది మా బాపు ఉప్పలయ్యకు వచ్చింది. రేషన్ బియ్యం వచ్చినా, పశువుల డాక్టరు వస్తున్నా, నల్లా నీళ్లు రాకపోయినా పంచాయతీ నుంచి కబురొచ్చేది. బాపు వరిగడ్డి మంట మీద డప్పు కాపి, మోగుడు సరిచూసుకుని బయలుదేరేవాడు. వాళ్లు చెప్పిన మాటకు తన తోక ఒకటి తగిలించేవాడు. "రేపు పొద్దుగాల బర్లకు, గొర్లకు సూదులేస్తరు హో! తాగి పండుకునే మొగోళ్లను తోలుకరాకుండ్రి, వాళ్లకు వేరే సూది ఉన్నదట హో!" అంటే ఊడుస్తున్న ఆడవాళ్లు చీపురు ఆపి నవ్వేవారు.

సాటేవాడు మాటను మోస్తాడే తప్ప ఆ మాట అతనిది కాదని బాపు నమ్మకం. "మనం పోస్టుమ్యాన్ లెక్క బిడ్డా. కార్డుల ఏం రాసున్నదో మనకేం పని" అనేవాడు. ఆ నమ్మకంతోనే చాలా ఏళ్లు ఎవరితో పేచీ లేకుండా బతికాడు.

నేను తొర్రూరులో బీఈడీ చదువుతున్న ఏడాది, వానలు వెనకపట్టు పట్టే రోజుల్లో, బాలనర్సయ్య కొడుకు హర్షిత్ చనిపోయాడు. బాలనర్సయ్యకు రెండెకరాల మిర్చి చేను, ఒక్కడే కొడుకు. పిల్లవాడు అయిదో తరగతి. మామూలు జ్వరమే అనుకుని ఊళ్లోనే గోలీలు వేశారు. వరంగల్ తీసుకెళ్లేసరికి ఆలస్యమైంది. డెంగీ అని డాక్టర్లు కాగితం మీద రాసిచ్చారు. మా ఊళ్లో చిన్నపిల్లలకు డప్పు కొట్టరు, పూడ్చిపెడతారు. గుంత తవ్విన వాళ్లలో బాపు ఒకడు.

తర్వాత కొన్నాళ్లకు, దవాఖాన నుంచి తెచ్చిన సంచిలో పిల్లవాడి నిక్కరు జేబులో ఒక గుడ్డపేలిక దొరికింది. దానికి కుట్టిన చిన్న అద్దం బిళ్ల ఉంది.

ఆ పేలిక ఎక్కడిదో ఊళ్లో అందరికీ తెలుసు. ఊరి చివరింట్లో రామి ఉండేది. లంబాడా ముసలమ్మ. గార్ల దిక్కు తండా నుంచి కొడుకు రాంజీ, కోడలు గీత, ఇద్దరు మనుమరాళ్లతో వచ్చి ఇల్లు వేసుకుంది. రాంజీ కౌలుకు మిర్చి పెట్టేవాడు. రామి నాలుగు మేకలను కాసుకునేది. జ్వరం రావడానికి ముందు హర్షిత్ సైకిల్ మీంచి వాళ్ల వాకిట్లో పడితే, మోకాలు కడిగి, పసుపు అద్ది, తన పాత అద్దాల పైట అంచు చింపి కట్టింది. ఏడుస్తున్న పిల్లవాడి తల నిమురుతూ తన భాషలో ఏదో బుజ్జగించింది. గాయం మానాక వాడు ఆ అద్దంతో ఎండను పట్టి బడి గోడ మీద ఆడించేవాడు. బతికున్నప్పుడు అది ఆటవస్తువు. చనిపోయాక అదే తాయత్తు అయింది.

"ఆమె నోట్ల ఏందో సదివిందట" అని ఒకరన్నారు. "పోయిన యాడాది ఆమె మా ఇంటిముందట నిలబడ్డది, మా బర్రె సచ్చింది" అని ఇంకొకరు. దసరా దాటేసరికి ఊరంతా ఆ మాటే. చివరికి కమిటీ కూర్చుంది. కమిటీ అంటే ప్రభుత్వానిది కాదు. ఊరి పెద్దలు నలుగురు గుడి పనులకని పెట్టుకుని, తర్వాత అన్నిటికీ తీర్పులు చెప్పడం మొదలుపెట్టినది. దాని పెద్దను అందరూ పటేల్ అనేవారు.

ఆయన బాపును పిలిపించి, ఏం సాటాలో చెప్పాడు.

బాపుకు మంత్రాల మీద నమ్మకం లేదంటే అబద్ధమవుతుంది. నాకు జ్వరమొస్తే మిరపకాయలు దిగదుడిచి పొయ్యిలో వేసింది ఆయనే. కమిటీ అంటే భయం కూడా. ఏ ధైర్యంతో కాదంటాడు? పొద్దున్నే డప్పు కాపి బయలుదేరాడు.

"ఊరోళ్లందరికి ఎరుక చేసేదేందంటే హో! రామి ఇంటోళ్లతోని ఎవ్వలు మాట్లాడొద్దు హో! సామాన్లు అమ్మొద్దు, కొనొద్దు, కూలికి పిలువొద్దు హో! తప్పితే కమిటీకి జుర్మానా కట్టాలె హో!"

ఆ రోజు తోక తగిలించలేదు. వీధి తర్వాత వీధి సాటుకుంటూ పోయి, చివరి మలుపు దగ్గర ఆగి, రామి ఇల్లు వదిలేసి వెనక్కి తిరిగాడు.

తర్వాత జరిగింది నాకు గీత చెప్పింది. బాపు ఎప్పుడూ చెప్పలేదు.

రామి మేకల తాడు చేత పట్టుకునే వెనక నుంచి ఉరికొచ్చిందట. "ఓ ఉప్పలయ్యా! ఆగు. ఎప్పుడు జూసినా గిదే పని నీది. రేషన్ బియ్యం సాటుతవ్, మాకు ఇనబడది. నల్లా బంద్ అని సాటుతవ్, మాకు ఇనబడది. మేం ఊరోళ్లం కాదా ఏంది? మా ఇంటిముందట నిలబడి కొట్టు."

బాపు నిలబడిపోయాడు.

"కొట్టవేంది? బియ్యమొచ్చినయా?"

"బియ్యం కాదు అవ్వా."

"మరేంది? సూదులా? సూదులైతే జర నిజం చెప్పు నాయినా, నా మేకలు రెండు దగ్గుతున్నయ్."

అప్పటికే కిరాణం కొట్టు నుంచి ఖాళీ సంచితో తిరిగొచ్చిన గీత, అత్త భుజం పట్టుకుంది. "లోపలికి రా అత్తా. ఆయన సాటింది మన గురించే."

బాపు మెడలోంచి డప్పు తీసి చంకలో పెట్టుకుని, వచ్చిన వీధిలో కాకుండా పొలాల గట్ల మీదుగా ఇంటికొచ్చాడు. అన్నం పెడితే పళ్లెం జరిపేశాడు. మా అమ్మ సుశీలకు జాలి కంటే కోపం ముందొస్తుంది.

"సాటింది నువ్వే గద. ఊరంత ఇనేటట్టు ఒర్లినవ్. ఇప్పుడు నువ్వు బువ్వ తినకపోతే అది వాపస్ వస్తదా?"

సాటింపు పని చేసింది. కొట్టువాడు గీతను చూడగానే టీవీ వైపు తిరిగేవాడు. పిండి గిర్నీ దగ్గర ఆమె బియ్యం సంచి పొద్దంతా ఎండలో ఉండిపోయింది. బడిలో పెద్ద మనుమరాలి పక్కన కూర్చునే పిల్లను తల్లి వచ్చి వేరే బెంచీకి మార్చింది. ఎవరూ గట్టిగా తిట్టలేదు, కొట్టలేదు. ఆ ఇంటి వాళ్లు ఎదురుపడితే దారి విడిచి తప్పుకునేవారు, అంతే. రాంజీ మిర్చికి కొట్టే మందు డబ్బాకు కూడా మరిపెడ పోవాల్సి వచ్చేది. వాళ్లు ఇల్లు విడిచిపోయేదాకా ఇలాగే ఉంటుందని పటేల్ చెప్పినట్టు తెలిసింది. ఆ ఇల్లు నిలబడుతుందా, లేచిపోతుందా అన్నదొక్కటే బాపు మనసులో మిగిలింది.

ఒక సాయంత్రం మా వాడ కమ్యూనిటీ హాలులో కొంతమందిని కూర్చోబెట్టాడు. మంగలి బిక్షం వచ్చాడు. ఆటో నడిపే మా వాడ పిల్లవాడు యుగేందర్ వచ్చాడు. మిర్చి ఏరే ఆడవాళ్ల ముఠాకు పెద్ద, కొమురమ్మ తన మనుషులతో వచ్చింది. బాపు విషయం చెప్పాడు. కింద కూర్చుని చెప్పాడు కాబట్టి సగం మందికి వినబడలేదు.

"డప్పు తెచ్చుకో పెద్దనాయినా, గప్పుడైతే ఇనబడతది" అన్నాడు యుగేందర్. అందరూ నవ్వారు.

"నవ్వుడు గాదు" అన్నాడు బాపు. "వాళ్లను వెలేసింది కమిటీ కాదు. కమిటీ ఒక్క మాటన్నది. వెలేసింది మనం. బిక్షం గీకకపోతే, నువ్వు ఆటో ఎక్కించుకోకపోతే, నేను సాటకపోతే, పటేల్ ఒక్కడు ఏం జేస్తడు?"

బిక్షం గడ్డం గోక్కున్నాడు. "నా కత్తి రాంజీ గడ్డం మీద పడితే జుర్మానా అంటున్నరు. పటేల్ గడ్డం గీకుతున్నప్పుడు నా చెయ్యి వణికితే జుర్మానా ఎవలికేస్తరో?"

"నీకు పరాచికాలే" అన్నాడు యుగేందర్. "రేపు నా ఆటో ఎవ్వలెక్కుతరు? మనకెందుకు పెద్దనాయినా గీ పంచాతి? వాళ్లేమన్న మనోళ్లా?"

అప్పుడు కొమురమ్మ మాట్లాడింది. "మా మేనత్తకు నోట్ల ముందటి పండ్లు ఉండకపోయేటివి, నీకు ఎరుకేనా కొడుకా? నువ్వు పుట్టలే. ఎవలిదో పిల్ల సచ్చిపోతే ఆమె మీద పెట్టిండ్రు. స్తంభానికి కట్టేసి రాయితోని రాలగొట్టిండ్రు, మంత్రం పలకకుంట. పండ్లు లేనిదాని తీరు జూసి మేం చిన్నగున్నప్పుడు నవ్వేటోళ్లం. గప్పుడు గూడ అందరు 'మనకెందుకు' అన్నరు."

యుగేందర్ తల వంచుకుని ఫోను తిప్పుతూ కూర్చున్నాడు. తర్వాత, "ఆటో సంగతి నేను చూసుకుంట" అన్నాడు మెల్లగా.

బిక్షం రోడ్డు మీదనే, అందరూ చూస్తుండగా, రాంజీకి గడ్డం గీయాలని అనుకున్నారు. కొమురమ్మ ముఠాలో గీతను, రామిని కలుపుకోవాలని, జుర్మానా ఒకరికి వేస్తే అందరూ కలిసి కాదనాలని అనుకున్నారు. బాపు తన సాటింపును వాపసు తీసుకుంటానన్నాడు.

"సాటింపు వాపస్ తీసుకునుడు ఏడనన్న ఉన్నదా?" అన్నాడు బిక్షం.

"ఎందుకు లేదు? సూదుల డాక్టర్ రానినాడు రద్దు సాటింపు కొట్టలేదా? ఏ నోటితోని సాటితే ఆ నోటితోనే రద్దు చెయ్యాలె. లేకపోతే ఆ మాట ఊర్లనే తిరుగుతుంటది."

మర్నాడు పొద్దున నేను కాలేజీకి పోలేదు. డప్పు మోగగానే, మామూలు సాటింపే అనుకుని జనం వాకిళ్లలోకి వచ్చారు.

"ఊరోళ్లందరికి ఎరుక చేసేదేందంటే హో! రామవ్వ ఇంటి మీద సాటిన సాటింపు రద్దు హో! పిల్లగాడు డెంగీ జరంతోని పోయిండు, డాక్టర్ల కాగితమున్నది హో! రామవ్వ మందు పెట్టలే, మంత్రం పెట్టలే. మోకాలు పగిలితే కట్టు కట్టింది హో! మాట్లాడుకోండ్రి, అమ్ముకోండ్రి, కొనుక్కోండ్రి హో! గిది ఎవ్వలు చెప్పి పంపింది కాదు, ఉప్పలయ్య సాటుతుండు హో!"

కొన్ని తలుపులు మూసుకున్నాయి. ఒక అరుగు మీద ఎవరో చప్పట్లు కొట్టి వెక్కిరించారు. బాపు ప్రతి మూలా ఆగి, మొత్తం మాట మొదటి నుంచి చివరిదాకా చెప్పాడు. పంచాయతీ ముందు పటేల్ అడ్డం వచ్చాడు.

"ఎవడు సాటుమన్నడురా నిన్ను?"

"ఎవ్వలు అనలే పటేలా. నేనే."

"ఊరి పేరు మీద సాటనీకి నువ్వెవనివి?"

"మొన్న సాటినప్పుడు అడగకపోతివి."

చుట్టూ ఉన్నవాళ్లలో ఎవరో కిసుక్కుమన్నారు. పటేల్ ముఖం ఎర్రబడింది. ఆయన ఏమో అనబోయేలోపే జనాన్ని తోసుకుని బాలనర్సయ్య వచ్చాడు. మనిషి సగమైపోయాడు. చొక్కా గుండీలు ఒకదానికి ఒకటి తప్పి ఉన్నాయి.

"నా పోరడు పోయిండు. మీకు ఆటలైనయా ఉప్పలయ్యా?"

"గుంత తవ్వింది నేనే బాలనర్సన్నా. ఆటెట్లయితది?"

"అయితే నువ్వు చెప్పు. డెంగీ అంటవ్ గద. పక్క మంచం పోరనికి గూడ డెంగీనే. వాడు బతికి ఇంటికి పోయిండు. మావోడే ఎందుకు పోయిండు? చెప్పు. ఆమె చెయ్యకపోతే ఎవరు చేసిండ్రు?"

ఆ ప్రశ్నకు ఎవరి దగ్గరా జవాబు ఉండదని నాకు ఇప్పుడు తెలుసు. ఆ రోజు మాత్రం బాపు ఏదైనా అంటే బాగుండునని నా ప్రాణం కొట్టుకుంది. బాలనర్సయ్య డప్పు పట్టి గుంజాడు. తాడు తెగింది. డప్పును కల్వర్టు గోడకేసి కొట్టాడు. తోలు చీలింది. తర్వాత ఆయనే, చేతిలో ఆ పగిలిన డప్పుతో, రోడ్డు మీద కూలబడి ఏడ్చాడు. బాపు పక్కన కూర్చోబోతే అన్నదమ్ములు వచ్చి ఆయన్ను లేపుకుని వెళ్లారు.

మిగిలిన సగం ఊరు బాపు ఆ రోజు తిరగలేకపోయాడు.

కమిటీ ఊరుకోలేదు. పక్క ఊళ్ల నుంచి డప్పు మనుషులను పిలిపించి వెలి మళ్లీ సాటించాలని చూసింది. తొర్రూరు అంగడి రోజున బాపు, బిక్షం పోయి అక్కడికి వచ్చిన డప్పు వాళ్లందరినీ కలిశారు. చావులకు, పెళ్లిళ్లకు ఒకరి ఊరికి ఒకరు పోయేవాళ్లే, అందరూ ఎరిగినవాళ్లే. ఎవరు పిలిచినా, ఎంత ఇచ్చినా మనిషిని వెలేసే సాటింపు కొట్టబోమని మాట అనుకున్నారు. బాపు జీవితంలో అంత సంతోషంగా ఇంటికొచ్చిన రోజు నేను చూడలేదు. అమ్మకు జిలేబీ పొట్లం తెచ్చాడు.

రెండు రోజులకు, ఎక్కడి నుంచో మైకు కట్టిన ఒక ఆటో వచ్చింది. ఫోనులో రికార్డు చేసిన గొంతు. ఎవరి గొంతో తెలియదు. అదే వెలి, అదే జుర్మానా, తిప్పి తిప్పి మోగింది. బాపు వాకిట్లో నిలబడి విన్నాడు. "దానికి వాపస్ తీసుకునే నోరు లేదు" అన్నాడు.

అయినా వాడ మాట మీద నిలబడింది. బిక్షం మూలమీద కుర్చీ వేసి రాంజీకి గడ్డం గీశాడు. ఆ నెల ఆయన దగ్గరికి ఊరి పెద్ద గడ్డాలేవీ రాలేదు. రామిని, గీతను కొమురమ్మ తన ముఠాలో నడిపించుకుని పోతే, మిర్చి రైతులు మొత్తం ముఠానే వద్దన్నారు. కాయ చెట్టు మీద ఎండుతున్నా పిలవలేదు. ఆడవాళ్లు ట్రాలీ ఎక్కి మరిపెడ అవతలి ఊళ్లకు పోయారు. అక్కడ కూలి తక్కువ, దారి ఎక్కువ. సద్దులు మాత్రం అందరూ కలిసే విప్పేవారు. రామి తెచ్చే మిరప తొక్కు కారం ఎవరూ తట్టుకోలేకపోయేవారు. "గీ కారం తిన్నంక మంత్రమెందుకు అవ్వా, దయ్యాలే ఉరుకుతయ్" అని కొమురమ్మ అంటే రామి కూడా నవ్విందని గీత చెప్పింది.

విషయం మండలం దాకా పోయి, ఆఖరికి పోలీసులు, తహసీల్దారు వచ్చారు. చేతబడి లేదని చెప్పారు. వెలివేస్తే కేసులవుతాయని చెప్పారు. పటేల్ వాళ్లకు చాయ్ తెప్పించి, తమ ఊళ్లో అలాంటిదేమీ లేదని సంతకం పెట్టాడు. కొట్టువాడు గీతకు సామాన్లు ఇవ్వడం మొదలుపెట్టాడు. వెలి పోయిందని పేపర్లో రెండు ముక్కలు వచ్చాయి.

కానీ బడిలో ఆ పిల్ల బెంచీ మీద ఒక్కతే కూర్చునేది. రామి వీధిలో నడుస్తుంటే తల్లులు పిల్లలను లోపలికి పిలిచేవారు. ఎండాకాలం మొదట్లో గీత సామాన్లు ట్రాలీకి ఎక్కించింది.

బాపు పోయి బతిమాలాడు. "కొన్నాళ్లు ఆగు బిడ్డా. మేమున్నం గద."

"మీరున్నరు పెద్దయ్యా, కాదన్ననా? నా బిడ్డ ఎవల పిల్లలన్న దగ్గరికొస్తే ముట్టుకోకుంట చేతులు వెనుకకు పెట్టుకుంటది. గది నేను సూడలేను."

రామి మాత్రం ట్రాలీ ఎక్కలేదు. రాంజీ ఎత్తుకుపోతానన్నాడు, కాళ్లు పట్టుకున్నాడు. "నేను పోతే చేసిన్నని ఒప్పుకున్నట్టే" అంది. మేకలు కట్టిన గుంజకు ఆనుకుని కూర్చుని, కొడుకు, కోడలు, మనుమరాళ్లు గార్ల దారి పట్టి పోతుంటే చూసింది.

బాపు దాన్ని గెలుపని ఎప్పుడూ అనలేదు. ఎవరైనా మెచ్చుకుంటే, "ఏం జేసిన? ఐదుగురున్న ఇంట్ల ఒక్క ముసల్దాన్ని మిగిలిచ్చిన" అనేవాడు. కొత్త డప్పు కట్టుకున్నాడు కానీ సాటింపులు తగ్గిపోయాయి. పంచాయతీ మైకు కొనుక్కుంది. పొద్దున్నే చేతిలో చెంబుతో ఊరి చివరికి నడిచి, రామి వాకిట్లో ఒక కేక వేసి వచ్చేవాడు. ఆమె లోపలి నుంచి ఏదో ఒకటి అంటే వెనక్కి తిరిగేవాడు. గుండె నొప్పి వచ్చిన రోజు కూడా పోయివచ్చాకే కింద కూర్చున్నాడు. మళ్లీ లేవలేదు.

ఆ రోజు వాడకు చాలామంది వచ్చారు. రామి వచ్చి మా అమ్మ పక్కన కూర్చుంది. కాస్త పొద్దెక్కాక బాలనర్సయ్య వచ్చాడు. చేతిలో పూలదండ. రామిని చూసి గల్లీ మొదట్లోనే ఆగిపోయాడు. ఆమె కూడా చూసింది. ఇద్దరి నడుమ బాపు పాడె మీద ఉన్నాడు. చాలాసేపు నిలబడి, దండ బిక్షం చేతికిచ్చి వెళ్లిపోయాడు.

నేనిప్పుడు జనగామలో ఉంటున్నాను. అమ్మ రమ్మంటే రాదు. మొన్న ఫోను చేస్తే ఎత్తలేదు. కాసేపటికి తానే చేసింది.

"ఏడికి పోయినవే అమ్మా?"

"రామవ్వ వాకిట్ల కేకేసి వస్తున్న. మీ బాపు లేడని పొద్దుగాల ఎవరు పోతరు మరి?"

"పలికిందా?"

"పలికింది. రెండోసారి పిలిస్తె పలికింది. బాలనర్సయ్య ఇంటి ముందటికెల్లే పోవాలె గద. రోజు గడపల కూసోని సూస్తడు. నేను ఏడికి పోతున్ననో ఎరుకే ఆయనకు. తిట్టడు, మాట్లాడడు. ఏదన్న ఒకటంటే బాగుండు పద్మా. నాకు గదే పరేషాన్."